బల్ల మీద మూడో చోటు

మార్చి 4

పెద్దమ్మకి,

ఈ ఉదయం నా కిటికీ కింద ఒకాయన తెరిచిన గొడుగుతోనే ఫొటోఫ్రేముల కొట్లోకి వెళ్ళబోయాడు. గొడుగు తలుపుకి అడ్డం పడింది. వెనక్కి వచ్చి, గొడుగుని పక్కకి వంచి, మళ్ళీ వెళ్ళబోయాడు. మూడోసారి గొడుగుని బయట నిలబెట్టి తను లోపలికి వెళ్ళాడు. అప్పటికి వాన వెలిసి చాలాసేపయింది. గొడుగు మూయవచ్చన్న సంగతి ఆయనకి చివరిదాకా తోచలేదు. నవ్వుకున్నాను గాని, తర్కం క్లాసులో నా పని కూడా అలాగే ఉంది.

వచ్చి పన్నెండు రోజులైంది. గది బాగుంది. కింద ఫ్రేముల కొట్టు కాబట్టి పగలంతా చిన్న మేకులు కొడుతుంటారు. మన కొట్లో కుట్టుమిషన్ చప్పుడు లాగే, అది ఆగినప్పుడే వినపడుతుంది. లా కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషుకి భయం లేదు, కాన్వెంటులో సిస్టర్లు దాన్ని నాలో గట్టిగానే కుట్టారు. తర్కంలోనే మొన్న నలభైకి పదిహేడు వచ్చాయి.

మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. ప్రశ్నల్లో ఎ, బి, సి అని ఉంటే వాళ్ళు మనుషుల్లా అనిపించరట. తెలిసినవాళ్ళని పెట్టుకుంటే ఎవరెక్కడ కూర్చున్నారో కళ్ళకి కడుతుందట. నాకు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకని మన కొట్టువాళ్ళనే పెట్టుకున్నాను. మచ్చుకి ఒకటి రాస్తున్నాను, నువ్వూ చేసి చూడు.

ఒక బల్ల మీద నలుగురు వరసగా కూర్చున్నారు. కాజాల తాత ఎడమ చివర ఉన్నాడు. పెద్దమ్మ తాత పక్కన కూర్చోదు. గడియారాలాయన, ఇస్త్రీ అక్క పక్కపక్కన కూర్చోరు. అయితే ఎడమ నుంచి మూడో చోట ఎవరున్నారు?

నీకిచ్చిన మాట గుర్తుంది. ఈ రెండోసారి కూడా సీటు రాకపోతే ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంటాను. లాయరు కోటుకని నల్ల గుడ్డ మాత్రం ఇప్పుడే కొనకు.

నీ
అమ్మడు

*

మార్చి 9

అమ్మడూ,

ఉత్తరం అందింది. నువ్వు రాయడమే నయం తల్లీ. ఫోన్ చేస్తే నేను గంట మాట్లాడతాను, నువ్వు "ఊ" అంటావు, ఆ "ఊ" కూడా సగమే వినపడుతుంది. కాగితం మీదైనా నీకు నోరుంది.

అయితే నీ నోరు ఇక్కడ కొంప ముంచింది. నా కాళ్ళు మిషన్ మీద, చేతులు బడిపిల్లల నిక్కర్ల మీద ఉన్నాయని ఉత్తరం పక్క కొట్టు గడియారాలాయనకిచ్చి గట్టిగా చదవమన్నాను. తాత కాజాలు కుడుతున్నాడు. ఇస్త్రీ అక్క మడతలు పెడుతోంది. ఆయన కంటికున్న భూతద్దం కూడా తీయకుండా గడగడా చదువుకుంటూ పోయి, "గడియారాలాయన, ఇస్త్రీ అక్క పక్కపక్కన కూర్చోరు" అని తన నోటితోనే చదివి ఠక్కున ఆగాడు.

"నేనెప్పుడన్నానమ్మా ఈ మాట?" అన్నాడు.

"మీరనకపోతే ఊళ్ళో లేని పిల్లకెలా తెలుస్తుంది?" అంది అక్క. "నా పక్కన కూర్చుంటే ఏం, కాలిపోతారా?"

తాత సూది ఆపకుండా, "ఇస్త్రీపెట్టె కదా, ఆయన భయం ఆయనది" అన్నాడు.

ఇంక చూడు! అక్క ఆయన గోడ గడియారం ఎప్పుడూ పావుగంట వెనకే ఉంటుందని దులిపింది. ఆయన తన చొక్కా కాలర్ మీద రెండేళ్ళ కిందటి మరక చూపించాడు. నన్ను తాత పక్కన ఎందుకు కూర్చోనివ్వవో నాకూ అర్థం కాలేదు. ఆయనేమన్నా ముక్కుపొడి పీలుస్తాడా? ఎవరు మాట్లాడినా చివరికి "పిల్ల ఊరికే రాయదు" అన్నారు.

గొడవ తేలాలంటే కూర్చుని చూడ్డమే అని నేనే అన్నాను. నలుగురం నువ్వు రాసినట్టే బల్ల మీద కూర్చున్నాం. ఆ బల్లకి ఒక కాలు కుంటిదని నీకు తెలుసు కదా, అది ముందే ఎందుకు రాయలేదు? ఫెళ్ళుమంది. నా నడుం ఇప్పటికీ సలుపుతోంది. నీ ప్రశ్నకి జవాబు నేనే. మూడో చోట కూర్చుంది నేనే, ముందు కింద పడిందీ నేనే.

నల్ల గుడ్డ కొనకు అన్నావు. కొనేశాను. చేత్తో పట్టుకుంటే జారిపోయే రకం. ఈసారి ఫలితాలొచ్చే వేళకి కోటు కొక్కేనికి తయారుగా ఉండాలి. పోయినసారి కుట్టింది వృథా కాలేదులే. బ్యాండువాళ్ళలో బాకా ఊదే ఆయనకి అతికినట్టు సరిపోయింది. భుజాల మీద బంగారు జరీ వేయించుకున్నాడు. నిన్న కూడా మన వీధిలోనే ఊదుకుంటూ వెళ్ళాడు.

కానీ గుడ్డ కొయ్యడానికి అమ్మమ్మ పెద్ద కత్తెర కనపడటం లేదు. రెండు వారాల పైనే అయింది. చిన్న కత్తెర నిక్కర్లకి చాలుతుంది, లాయరు కోటుకి చాలదు. మిషన్ కింద వెతికాను, పేలికల మూటలు విప్పాను. కొట్లోకి వచ్చేది ఈ ముగ్గురే. నీ మాస్టారి దగ్గర దొంగని పట్టే లెక్క ఏదన్నా ఉంటే వెంటనే రాసి పంపు.

నడుం నొప్పితో
నీ పెద్దమ్మ

*

మార్చి 14

పెద్దమ్మకి,

ముందు అందరికీ క్షమాపణలు. గడియారాలాయనకి వేరుగా, ఇస్త్రీ అక్కకి వేరుగా, నీ నడుముకి వేరుగా చెబుతున్నాను. అవి వట్టి ప్రశ్నలు పెద్దమ్మా. అందులో ఎవరు ఎవరి పక్కన కూర్చోకపోయినా దానికి కారణం ఉండదు. కారణం అడగకూడదు కూడా. ఇచ్చిన మాటలు నిజమనుకుని ముందుకి పోవాలి, అంతే. నిన్నటి ప్రశ్న చూడు. కుర్చీలన్నీ చెట్లు. చెట్లలో కొన్ని పిల్లులు. అయితే కుర్చీలలో కొన్ని తప్పకుండా పిల్లులేనా? కావాలని లేదు, అనేది జవాబు. కుర్చీలు చెట్లెలా అవుతాయని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మాస్టారు మోచేతికంటిన సుద్ద దులుపుకుంటూ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. నేనైతే అడిగేదాన్ని కాదు. నేను ఇంతవరకు క్లాసులో ఏమీ అడగలేదు.

కోటు గురించి ఒక మాట. పోయినసారి ఫలితం వచ్చాక ఆ కోటు పదకొండు రోజులు కొక్కేనికి వేలాడింది. వంటింట్లోకి వెళ్ళాలంటే దాన్ని తప్పుకుని వెళ్ళాలి. దాని ఎడమ చెయ్యి ప్రతిసారీ నా భుజానికి తగిలేది. నువ్వు మంచి మనసుతోనే కుట్టావు. అయినా ఈసారి ఫలితం వచ్చేదాకా గుడ్డ కోయవద్దు. ఇంతకుముందు కూడా ఈ మాట చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

కత్తెర దొరుకుతుందిలే. ఎవరినీ తొందరపడి అడగకు.

నువ్వడిగావు కాబట్టి ఒక ప్రశ్న పంపుతున్నాను. ఇది పుస్తకంలోది. ఎవరి పేర్లూ పెట్టలేదు, నువ్వూ పెట్టకు. ముగ్గురిలో ఒకరు కలం తీశారు. మొదటివారు "నేను తీయలేదు" అన్నారు. రెండోవారు "మూడోవారే తీశారు" అన్నారు. మూడోవారు "రెండోవారు చెప్పింది అబద్ధం" అన్నారు. ముగ్గురిలో ఒక్కరే నిజం చెప్పారు. కలం ఎవరు తీశారు? జవాబు కాగితం వెనక రాశాను. ముందే తిప్పి చూడకు.

మొన్నటి పరీక్షలో తర్కానికి ఇరవై మూడు వచ్చాయి.

సిగ్గుతో
అమ్మడు

*

మార్చి 19

అమ్మడూ,

నువ్వు చదువుతున్న చదువు ఊరికే పోలేదే తల్లీ! దొంగ దొరికాడు. కానీ దొరికాక ఏం చెయ్యాలో నీ కాగితంలో లేదు.

జరిగింది చెప్తాను విను. మొన్న పొద్దున్నే ముగ్గురినీ నిలబెట్టాను. పేర్లు పెట్టొద్దన్నావు, నేను పెట్టలేదు. వయసుని బట్టి నిలబెట్టాను. అలా తాత మొదట, అక్క రెండు, గడియారాలాయన మూడు అయ్యారు.

"నా కత్తెర ఎవరు తీశారు?" అన్నాను.

"నేను తీయలేదమ్మా" అన్నాడు తాత.

"ఇంకెవరు, ఈయనే! బల్ల విరిగినప్పట్నించీ నా వంక గుడ్లురిమి చూస్తున్నాడు" అంది అక్క.

"అబద్ధం! పచ్చి అబద్ధం!" అన్నాడు గడియారాలాయన.

అక్షరం పొల్లుపోకుండా నీ కాగితంలో ఉన్నట్టే అన్నారు. కాగితం తిప్పి చూశాను. "మొదటివారు" అని నీ గుండ్రటి అక్షరాలతో రాసుంది.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నాకు ఆ అలవాటు లేదు కదా. "తాతా, లెక్క ప్రకారం నువ్వే" అన్నాను.

తాత కళ్ళజోడు తీశాడు. "ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నాను నీ కొట్లో. ఒక్క కాజా గుండీకి వదులైందా? ఆ పిల్లకి చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేను. ఆ పిల్లే లెక్క కట్టి పంపిందా?" అన్నాడు. వేలి తొడుగు, సూదులు, తన ముక్కాలి పీట సర్దుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులైంది, రాలేదు. బడి చొక్కాలు అరవై ఉన్నాయి, ఒక్కదానికీ కాజాల్లేవు. పిల్లలు చొక్కాలు చేత్తో పట్టుకుని బడికెళ్ళాలి. అక్కా, గడియారాలాయనా కలిసిపోయి ఇద్దరూ నాతో మాట్లాడటం మానేశారు. నాకూ మనసు మనసులో లేదు. లెక్క తప్పంటావా?

కుర్చీలు పిల్లులు కావని నీకు చెప్పడానికి జీతమిచ్చి మాస్టారిని పెట్టారా? ఆయనకి ఒంట్లో బాగుందో లేదో కనుక్కో.

నీ పెద్దమ్మ

*

మార్చి 23

పెద్దమ్మా,

లెక్క తప్పు కాదు. దాన్ని మన కొట్లో పెట్టడం తప్పు.

ప్రశ్నలో రెండు సంగతులు ముందే ఇచ్చారు. ముగ్గురిలో ఒకరు తీశారన్నది ఒకటి, ఒక్కరే నిజం చెప్పారన్నది రెండోది. అవి ఇచ్చారు కాబట్టి జవాబు వచ్చింది. మన కొట్లో ఆ రెండూ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. నువ్వే అనుకున్నావు. మాస్టారు దీన్ని చెప్పకుండా అనుకున్న మాట అంటారు. వాదనలో అది కింద దాగి ఉంటుంది, బల్లకి కుంటికాలు ఉన్నట్టు.

కత్తెర తాత తీయలేదు. ఇది లెక్క కట్టి చెప్పడం లేదు. తీయలేదు, అంతే.

ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి తాతకి క్షమాపణ చెప్పు. మనిషిని పంపవద్దు, నువ్వే వెళ్ళు. నా తరఫున కూడా చెప్పు. దొంగని పట్టే లెక్క నేను పంపకుండా ఉండాల్సింది. నువ్వు ఏదైనా అడిగితే కాదనడం నాకు రాదు. అది మంచితనం అని అందరూ అంటారు, కాదు. అది పిరికితనం.

పరీక్ష ఏప్రిల్ 2న. తాత తిరిగొచ్చాడని తెలిసేదాకా చదివింది తలకెక్కదు. నిన్న ఒకే ప్రశ్న ఏడుసార్లు చదివాను. అందులో ఒక రైలు, ఒక వంతెన ఉన్నాయి. రెండిట్లో ఏది కదులుతోందో ఏడోసారి కూడా తెలియలేదు.

అమ్మడు

*

మార్చి 28

చిన్న లాయరమ్మకి,

వెళ్ళాను. నీ మాట కాదనగలనా?

తాత లోపలే ఉండి "ఇంట్లో లేను" అన్నాడు. "గొంతు వినపడుతోందిగా" అన్నాను. "వినపడితే ఉన్నట్టని నీ మేనకోడలు లెక్క కట్టిందా?" అన్నాడు. నువ్వు నాకు మేనకోడలివి కాదు, చెల్లెలి కూతురివి అని సరిదిద్దాను. ఆ మాట మీద తలుపు తీశాడు. తప్పులు సరిదిద్దేవాళ్ళంటే ఆయనకి మొదట్నించీ ఇష్టం.

నీ ఉత్తరం చేతికిచ్చాను. ఆ చెప్పకుండా అనుకున్న మాట దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కెళ్ళి చదివాడు. "పిల్ల బాగా రాసింది" అన్నాడు. "నేను తీయలేదని రాసింది. ఎందుకో రాయలేదు. అయినా బాగుంది." ఆ తర్వాత షరతులు పెట్టాడు. బల్లకి కొత్త కాలు వేయించాలి. మూడో చోటు ఇక ముందు ఆయనది. ఎవరినీ వరసగా నిలబెట్టకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే పీటతో సహా వచ్చి కూర్చున్నాడు. రెండు రోజుల్లో అరవై చొక్కాలూ అయిపోయాయి.

ఇంకో విడ్డూరం విను. బల్లకి కాలు వేశాక గడియారాలాయన, ఇస్త్రీ అక్క పక్కపక్కనే కూర్చుంటున్నారు. నా మీద కోపంతో ఏకమైనవాళ్ళు కోపం పోయాక కూడా లేవలేదు. ఆయన ఆవిడ కోసం గోడ గడియారం పావుగంట ముందుకి జరిపాడు. ఆవిడ ఆయన కాలర్ మీద మరక తీసేసింది. నేను ఇప్పుడు నిలబడే టీ తాగుతున్నాను.

నీకు చెప్పమని తాత ఒక మాట చెప్పాడు. "గుండీ చేతికొచ్చాకే కాజా కోస్తాను. వస్తుందనుకుని కోయను. పరీక్షలోనూ అలాగే చెయ్యమను."

కత్తెర ఇంకా దొరకలేదు. కొత్తది కొందామా అంటే మనసొప్పటం లేదు. గుడ్డ అలాగే మడతలో ఉంది, నువ్వు కోరుకున్నట్టే.

పరీక్షకి పెన్సిళ్ళు ముందే చెక్కి పెట్టుకో. హాల్లో పక్కవాళ్ళని షార్పెనరు అడగాల్సొస్తే నువ్వు అడగవు, నాకు తెలుసు.

నీ పెద్దమ్మ

*

ఏప్రిల్ 3

పెద్దమ్మకి,

నిన్న పరీక్ష రాశాను. పెన్సిళ్ళు ఆరు చెక్కుకుని వెళ్ళాను. పక్కమ్మాయి రెండు అడిగి తీసుకుంది.

తాత తిరిగొచ్చాడన్న ఉత్తరం పరీక్షకి ముందు రోజు అందింది. దాన్ని చదివాక రైలే కదులుతోందని, వంతెన కదలదని తెలిసింది.

తర్కంలో నలభైలో ముప్ఫై ఆరు రాశాను. నాలుగు వదిలేశాను, గుండీలు చేతికి రాలేదు. కూర్చునే ప్రశ్న ఒకటి వచ్చింది. ఈసారి గుండ్రటి బల్ల. నేను ఎవరినీ పెట్టుకోలేదు, ఎ, బి, సి అనే ఉంచాను. వాళ్ళకి నడుములు ఉండవు.

ఒక ప్రశ్న మాత్రం నీకు రాయాలి. గుర్తున్నంతవరకు ఇలా ఉంది. "కొట్లో గొడుగు కనపడటం లేదు. కొట్లోకి రోజూ వచ్చేది ముగ్గురే. కాబట్టి గొడుగు ఆ ముగ్గురిలో ఒకరు తీశారు. ఈ వాదనలో చెప్పకుండా అనుకున్న మాట ఏది?" కింద నాలుగు జవాబులు ఇచ్చారు. గొడుగు విలువైనదని ఒకటి. ముగ్గురూ అబద్ధాలాడతారని ఒకటి. వాన పడుతోందని ఒకటి. కొట్టు విడిచి వెళ్ళినవాళ్ళెవరూ గొడుగు తీసుకువెళ్ళలేదని ఒకటి.

నేను చివరిది గుర్తు పెట్టాను. అదే సరైనది. మిగతా వాటి సంగతి ఫలితం వచ్చేదాకా తెలియదు గాని, ఆ ఒక్కటి తెలుసు.

ఫలితాలు ఈ నెల ఇరవై అయిదున. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను, మాస్టారు చిన్న తరగతుల పేపర్లు దిద్దమన్నారు. ఒప్పుకున్నాను. ఈసారి కాదనలేక కాదు.

అమ్మడు

*

ఏప్రిల్ 9

అమ్మడూ,

ఈ ఉత్తరం గడియారాలాయనకి ఇవ్వలేదు. మిషన్ ఆపి నేనే చదువుకున్నాను. ఆ గొడుగు ప్రశ్న మూడుసార్లు చదివాను.

కత్తెర గురించి ఇంక ఎవరినీ అడగను. ఎక్కడున్నా క్షేమంగా ఉంటే చాలు. ఒక్కటే దిగులు. దానికి కీలు దగ్గర వారానికొక చుక్క మిషన్ నూనె వెయ్యాలి. లేకపోతే బిగుసుకుపోతుంది. తీసినవాళ్ళకి ఆ సంగతి గుర్తుండాలి.

పోయినసారి కోటు అలా కొక్కేనికి వదిలెయ్యడం నా బుద్ధితక్కువ. నువ్వు పక్కనించి వెళ్తుంటే చూశాను కూడా. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ కబుర్లన్నీ చెప్పే ఈ నోటికి నీతో ఒక్క మాట అనాలని తట్టలేదు. కోటు కనిపిస్తుంటే నీకు ధైర్యం వస్తుందనుకున్నాను. చూశావా, అదీ చెప్పకుండా అనుకున్నదే.

సీటు రాకపోయినా ఇంటికి రా. మాట ఇచ్చావని మిషన్ ముందు కూర్చోకు. నువ్వు కిందటేడు కుట్టిన చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది, రెండు చేతులూ ఎడమవే. మళ్ళీ పరీక్ష రాద్దువుగాని. మూడోసారైతే ఏం? మూడో చోట కూర్చుని కింద పడ్డదాన్ని నేను లేవలేదా?

నీ పెద్దమ్మ

*

ఏప్రిల్ 26

పెద్దమ్మకి,

నిన్న ఫలితాలు వచ్చాయి. నోటీసు బోర్డు దగ్గర చాలామంది ఉన్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగి చూశాను. నా నంబరు ఉంది. నూట ఇరవై మందిలో ఎనభై ఒకటోది. తర్కంలో ముప్ఫై మూడు వచ్చాయి. మాస్టారికి చెబితే, "ఇన్నాళ్ళూ నువ్వు ఈ బ్యాచిలోనే ఉన్నావా?" అన్నారు.

కాజాల తాతకి ముందు చెప్పు. నీకంటే ముందు కాదు, మిగతావాళ్ళ కంటే ముందు. నేను వచ్చాక ఆయనకి ఒక మాట స్వయంగా చెప్పాలి. బల్ల మీద మూడో చోట ఆయన కూర్చున్నప్పుడు, ఎదురుగా నిలబడి చెబుతాను. గడియారాలాయన, అక్క కూడా ఉండాలి. గట్టిగానే చెబుతాను. ఇది ఉత్తరంలో రాసి తప్పించుకునేది కాదు.

కోటుకి భుజాలు కొంచెం వదులుగా పెట్టు. జరీ వద్దు.

శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఆదివారం నువ్వు నల్ల గుడ్డ కోయవచ్చు, కత్తెర నాతోపాటే వస్తుంది. కింద ఫ్రేముల కొట్టాయన్ని అడిగి, వచ్చిన వారం నుంచీ దానికి వారానికొక చుక్క నూనె వేస్తూనే ఉన్నాను.

అమ్మడు